శ్రీ లేడు గారి కుమార్తె

డిప్లొమా అయ్యాక హిందూపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. పెనుకొండలోని ఒక స్కూలుకు స్టడీ సర్టిఫికెట్ల ప్రోగ్రాం రాసిచ్చాను. వాక్యం ముందే ఉంటుంది: "శ్రీ ___ గారి కుమార్తె కుమారి ___ మా పాఠశాలలో చదివినది." గుమాస్తా టైపు చేసిన మాటలు ఆ ఖాళీల్లోకి వచ్చి కూర్చుంటాయి. తండ్రి పేరు ఇవ్వకపోతే ప్రోగ్రాం ముందుకు కదలదు. ఆ కట్టడి నేనే పెట్టాను, గొప్ప జాగ్రత్త అనుకుని.

ఒక మధ్యాహ్నం ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చి నా బల్ల మీద కాగితం పెట్టింది. "శ్రీ లేడు గారి కుమార్తె" అని ఉంది.

గుమాస్తా నాయన పేరు అడిగాడట. "లేడు సార్, మమ్మల్ని ఇడిసిపెట్టి పోయినాడు" అందట ఆవిడ. అతను "లేడు" అని కొట్టాడు. హెడ్మాస్టరు సంతకం చేశాడు. అటెండరు సీలు వేశాడు. ముగ్గురిలో ఒక్కడూ చదవలేదు. ధర్మవరంలో నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ చేసినవాళ్లు మాత్రం పైకి చదివి మరీ నవ్వారు. మర్నాడు సాయంత్రంలోగా సరైన కాగితం తేకపోతే సీటు ఇంకొకరికి.

"ఇస్కూల్లో అడిగితే కంప్యూటర్ తప్పంట. రాసినోన్నే అడుగుపో అన్న్యారప్పా" అందావిడ. ఆ పిల్ల తలెత్తలేదు.

ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్నే ఫ్లాపీ తీసుకుని వాళ్లతో పెనుకొండ బస్సెక్కాను. స్కూల్లో గుమాస్తా మీద ఎగిరాను.

"ఏమప్పా, నా మీద అరుస్తాండావు? ఖాళీగా వదిలితే నీ మిషన్ ఒప్పుకోదు. ఏందో ఒకటి కొట్టల్ల గదా!"

ఆ కోపమంతా నా మీదికే తిరిగింది. అక్కడే కూర్చుని ప్రోగ్రాం మార్చాను: తండ్రి గడి ఖాళీగా ఉంటే "శ్రీమతి" వచ్చి, తల్లి పేరు అందులో కూర్చోవాలి.

హెడ్మాస్టరు కొత్త కాగితం తీసుకుని ముఖం చిట్లించాడు. "నాయన పేరు లేని సర్టిఫికెట్టు యాడైనా ఉంటాదా?"

"మొన్న లేనోని పేరుకు సంతకం పెట్టినారు గదా సార్" అందావిడ. "ఈడ ఉండాను, నా పేరుకు పెట్టలేరా?"

ఆయన పెన్ను తీశాడు. నేను కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"చదివి పెట్టండి సార్. పైకి చదవండి."

చదివాడు. గుమాస్తా, అటెండరు కూడా విన్నారు. తల్లి పేరు దగ్గర ఆ పిల్ల తలెత్తింది. సంతకం, సీలు ఆరకముందే కాగితం లాక్కుని, తల్లి చెయ్యి పట్టుకుని, ధర్మవరం బస్సుకు పరుగెత్తింది.