కళ్లు రాలిపోయిన బొమ్మ

1949లో నేను సూర్యాపేటలో సైక్లోస్టైల్ పనిలో చేరాను. నా చదువు నాలుగో తరగతితోనే ఆగింది, అక్షరాలు మాత్రం గుండ్రంగా వచ్చేవి. పదిమంది చదివేలా నా సొంత సంగతి రాయడం నాకిదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

బస్సులు ఆగే చోట చిన్న దుకాణం. కోదాడ నుంచి వచ్చిన సత్యంగారు దాని యజమాని. వడ్ల వ్యాపారులకు, పెళ్లివాళ్లకు నోటీసులు తీసేవాళ్లం. స్టెన్సిల్ అంటే మైనం పూసిన పల్చటి కాగితం. దాని మీద స్టైలస్ అనే ఇనుప మొన పెన్నుతో రాస్తే గీసినచోట మైనం పోతుంది. దాన్ని మిషన్ డ్రమ్ముకు చుట్టి హ్యాండిల్ తిప్పితే ఆ గీతల్లోంచి ఇంకు దిగి కాగితం మీద పడుతుంది.

తెలుగుకు ఒక చిక్కుంది. మన అక్షరాల నిండా సున్నలే. గట్టిగా నొక్కి సున్న చుడితే మధ్య ముక్క ఊడిపోయి నల్లటి మచ్చ పడుతుంది.

"సున్నని పూర్తిగా కలపమాకురా. కాస్త సందు వదులు. ఆ సందే ముక్కని పట్టుకునుంటుంది," అనేవారు సత్యంగారు.

ఆ ఎండాకాలం ఆత్మకూరు నుంచి సోమక్క వచ్చింది. గొర్లు కాచుకునే ఇంటి మనిషి. ఆమె తమ్ముడు మల్లయ్య మంద తోలుకుని మిర్యాలగూడ వైపు పోయాడు. గొర్లు తోటివాళ్ల వెంట తిరిగొచ్చాయి, మల్లయ్య రాలేదు. పోరాటం, పోలీసు దాడుల మధ్య మనుషులు మాయమవుతున్న రోజులవి. ఎవరిని అడిగినా నోరు విప్పేవాళ్లు కాదు.

నేను నోటీసు రాయబోతే సోమక్క ఆపింది.

"రాత ఎవలు సదువుతరు బిడ్డా? వాని మొకం ఎయ్యి."

"నాకు బొమ్మలు రావక్కా."

"నేను సెప్త, నువ్వు గియ్యి."

ముందు పెన్సిల్‌తో వేశాను.

"కండ్లు పెద్దగుంటయంటే గంతనా? గవి ఎద్దు కండ్లు. జర తగ్గియ్యి."

పొద్దంతా పక్కనే కూర్చుని సరిచేయించింది. కుదిరాక స్టెన్సిల్ మీదికి దించాను. కనుగుడ్ల చుట్టూ సందు వదిలాను గానీ అది చాలలేదని తర్వాత తెలిసింది. మొదటి కాగితం చూసి "గిదే మా మల్లిగాడు" అంది. ఇంకు ఆరేదాకా చేతిలోనే పట్టుకుని, దాన్ని తీసుకుని ఊరికి వెళ్లింది.

నేను హ్యాండిల్ వైపు చూస్తూ తిప్పుతున్నాను, పడే కాగితాల వైపు కాదు. కొత్తవాళ్లు అంతే. ఆపి కట్ట ఎత్తి చూస్తే సగం నుంచి కళ్లు లేవు. వాటి చోట రెండు నల్లటి గుంటలు.

"కండ్లు పోయినయ్ సార్. మళ్ల గీస్త."

"స్టెన్సిళ్లు అయిపోయాయి. బెజవాడ నుంచి ఎప్పుడొస్తాయో. మంచివి ఇక్కడ అంటించు, ఇవి మిర్యాలగూడ బస్సుకియ్యి. దూరపోళ్లు అంత పట్టి చూడరులే."

నేను కట్టను రెండుగా విడదీశాను. మల్లయ్యను ఎరిగినవాళ్లున్న వైపు కళ్లున్న బొమ్మలు అంటుకున్నాయి. వెతకాల్సిన చోటికి కళ్లు లేనివి పోయాయి.

కొన్నాళ్లకు బస్సు కండక్టరు కబురు తెచ్చాడు.

"పటంల మనిషి దొరికిండంట. మిల్లుకాడ కూసోవెట్టిన్రు."

కబురు పంపితే సోమక్క కొత్త ధోతి, జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చింది. సత్యంగారు నన్ను తోడు పంపారు.

మిర్యాలగూడ మిల్లు దగ్గర హమాలీలు సంతోషంగా ఎదురొచ్చారు.

"యాడికి పోనియ్యలేదమ్మా. బువ్వ గూడ పెట్టినం."

గోడకు ఆనుకుని ఒక గుడ్డివాడు కూర్చున్నాడు. సోమక్క అతని ముఖంలోకి వంగి చూసింది.

"ఈయనెవలు?"

"పటంల గుడ్డోడే గదమ్మా," అని ఒక హమాలీ గోడకు అంటించిన కాగితం వైపు చూపించాడు.

కళ్లు లేని ఆ బొమ్మను ఆమె చూడటం అదే మొదలు. దగ్గరికి పోయి ఆ గుంటల మీద వేలు పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను. రొట్టెలు ఆ గుడ్డివాడి చేతిలో పెట్టింది. ధోతి మాత్రం మళ్లీ మూటగట్టుకుంది.

బస్సులో మూట ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"గీడోళ్లందరు గుడ్డోని కోసమే ఎతికిన్రా బిడ్డా? మావోడు ఈళ్ల ముంగట్నుంచే పోయిండేమో. కండ్లున్నయని ఇడిసిపెట్టిన్రేమో."

స్టెన్సిళ్లు వచ్చాక మళ్లీ గీసి పంపాను. మల్లయ్య రాలేదు.

అప్పటినుంచి ఏ పనైనా హ్యాండిల్ ఆపి ఆపి, పడిన కాగితం ఎత్తి చూసుకునేవాణ్ని. ఒకరోజు సత్యంగారు అది గమనించి నా భుజం తట్టారు.

"ఇప్పుడు నీకు పనొచ్చిందిరా."

వచ్చింది. అది ఎవరి ముఖం మీద నేర్చుకున్నానో ఆయనకూ తెలుసు.