పిల్లికి విమానం ట్రయల్

ట్రయల్ వెయ్యనిదే ట్రయల్ బాబాయి ఏ పనీ చెయ్యడు. టైలరు గనక చొక్కాకి ట్రయల్ వేశాడంటే అర్థముంది. ఈయన దిండు గలీబు కుట్టినా దిండును రెండుసార్లు కొట్టుకు తెమ్మంటాడు. పెళ్లి ఫొటో కోసం వారం రోజులు అద్దం ముందు నవ్వి చూసుకున్నాడట. తీరా ఫొటోలో నవ్వలేదని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి ఇంట్లో ఓ చిక్కు వచ్చిపడింది. దీవిలో టీచరుగా ఉన్న కూతురికి నెలలు నిండాయి. పురుడు పోసుకునేటప్పుడు అమ్మ పక్కనుండాలని దాని పట్టు. అక్కడికి విమానమొక్కటే దారి. విమానం పేరెత్తితే పిన్నికి పైప్రాణాలు పైనే పోతాయి, కానీ ఆ మాట ఒప్పుకోవడం నామోషీ. అందుకని నెపం పెంపుడు పిల్లి బాబిన్ మీదికి తోసేసింది.

"బాబిన్‌ని వదిలి నేను రాలేనండీ. మీరు వెళ్లిరండి."

"వదలడమెందుకు? సంచీలో పెట్టి మన కాళ్ల దగ్గరే ఉంచుకోవచ్చట. దానిక్కూడా టికెట్టు తీసేశాను."

"అమ్మో, ఆ మోతకి అది హడలి చస్తుంది!"

"అయితే ట్రయల్ వేద్దాం."

తోసేసిన నెపం తిరిగొచ్చి పిన్ని మెడకే చుట్టుకుంది.

మర్నాడు సాయంత్రం కొట్టు విమానమైంది. కుర్చీలు వరసగా వేశారు. బెల్టులకు బదులు కొలత టేపులు కట్టారు. గాలాడేలా జాలీ పెట్టి బాబాయి కుట్టిన సంచీలో బాబిన్‌ని కూర్చోబెట్టారు. ఇస్త్రీ చేసే తాత గజం బద్ద పట్టుకుని గుమ్మంలో తనిఖీకి నిలబడ్డాడు. పిల్లిని బయటికి తీయించి, పిన్ని చంకనెక్కించి నడిపించాడు. వెనకే వచ్చిన బాబాయి జేబులోంచి కత్తెర లాగేసుకున్నాడు.

"ఇది నా కొట్టయ్యా!"

"విమానంలో మీకు కొట్టెక్కడిదండీ? పదండి, పదండి."

బాబిన్ మళ్లీ సంచీలోకి, సంచీ పిన్ని కాళ్ల దగ్గరికి చేరాయి. బాబాయి మూడు మోటారు మిషన్లూ ఒక్కసారే ఆన్ చేశాడు. తాత వెనకనుంచి కుర్చీలు ఊపాడు. పిన్ని కెవ్వుమంది. బాబిన్ ఆవులించి, అటు తిరిగి పడుకుంది.

"చూశారా, పిల్లి ఎలా బెదిరిపోయిందో!"

బాబాయి వంగి, హాయిగా నిద్రపోతున్న పిల్లిని పరీక్షగా చూశాడు. "పాపం, వణికిపోతోంది. రేపు మళ్లీ వేద్దాం."

రోజూ సాయంత్రం విమానం లేచింది. పిల్లికి చదువు చెప్పిస్తున్నాడని వీధంతా నవ్వింది. కెవ్వుమనే పిన్ని కొన్నాళ్లకు కళ్లు మూసుకోవడంతో సరిపెట్టుకుంది. ఆ తర్వాత ఊగుతూనే బఠాణీలు ఒలిచింది. చివరికి, "ఇవాళ కుదుపు చాల్లేదు" అని తాతను కోప్పడింది.

అసలు విమానం పరుగందుకున్నప్పుడు మాత్రం ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది. ఇంతలో రొద పెరిగింది. ముప్ఫై మిషన్లు ఒక్కసారే ఆన్ చేసినట్టుంది. కుర్చీ ఊగింది. ఇంతేనా అనుకుంది పిన్ని. కిందికి వంగి చూస్తే బాబిన్ ముడుచుకుని నిద్రపోతోంది. మొదటిరోజూ ఇలాగే పడుకుంది. దానికి ఏనాడూ భయం లేదు. ఆ సంగతి ఈ మహానుభావుడికి మొదటిరోజే తెలుసు! పిన్నికి నవ్వూ, ఆయన మీద చెప్పలేనంత ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఏమోయ్, పిల్లి ఎలా ఉంది?" బాబాయి ఎటో చూస్తూ అడిగాడు.

"భయం పోయిందటండీ. వచ్చేటప్పుడు కిటికీ సీటు కావాలంటోంది."