ఇరవై సమోసాల చూలాబంద్

నా పరువు గంగలో కలిసిన సందర్భాలు చాలానే ఉన్నాయి గానీ, ముప్పై నాలుగు మంది ఆకలితో కూర్చుని చూస్తుండగా కలిసింది ఒక్కసారే. చెబుతాను, మొహమాటం లేకుండా నవ్వండి.

రెండువేల ఆరులో వనపర్తిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మాది గద్వాల. మొదటి జీతం అందగానే సీనియర్ గుమాస్తా బాలస్వామి సార్ "పార్టీ ఎప్పుడయ్యా?" అన్నాడు. ఈ పార్టీ అనే మాట మా వైపు పెద్ద సంచి. పుట్టినరోజు కేకూ అందులోనే, యాటకూర భోజనమూ అందులోనే, చాయ్ బిస్కెట్టూ అందులోనే. నేను మాత్రం సమోసా, మిక్చర్, చాయ్ అనుకున్నాను. ఆఫీసులో ఆరుగురికి ఇరవై సమోసాలంటే రాజభోగమే కదా!

అక్కడితో ఆగితే బాగుండేది. మా అమ్మ పెంపకం ఆగనివ్వలేదు. మా వాడలో ఎవరిని పిలిచినా "చూలాబంద్" అనాలి. అంటే ఆ పూట మీ ఇంట్లో పొయ్యి వెలిగించొద్దు, ఇంటిల్లిపాదీ మా ఇంట్లోనే తినాలని. అమ్మ ప్రతి పిలుపుకూ ఆ మాట అనేది. వాళ్లు ఆ మర్యాదకు మురిసిపోయి, ఇంటికొకరు వచ్చి వెళ్లేవాళ్లు. నేనూ అదే ధోరణిలో టేబుల్ టేబుల్‌కూ తిరిగి చేతులు జోడించాను.

"సార్, ఆదివారం పొద్దుగూకాల మా రూముకు పార్టీకి రావాలె. చూలాబంద్!"

"అట్లనా! అందరం రావాల్నా?" అన్నాడు బాలస్వామి సార్.

"ఒక్కరు తక్కువైనా ఊకోను సార్!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మరీ మంచిదైతే ఊరంతా భోజనానికి వస్తుందని ఎవరూ చెప్పరు.

ఆదివారం సాయంత్రం ఒక ఆటో ఆగింది. బాలస్వామి సార్, భార్య, నలుగురు పిల్లలు, వెనక మెల్లగా ఎనభై ఏళ్ల తల్లి దిగారు. తర్వాత ఇంకో ఆటో. ఆ వెనక మరొకటి. గది నిండింది, వసారా నిండింది, ఇంటి ఓనరు రజియా చాచి మంచం కూడా నిండింది. సమోసాల పళ్లెం పిల్లల మధ్యకు వెళ్లి, నేను కన్ను మూసి తెరిచేలోగా ఖాళీగా తిరిగొచ్చింది.

బాలస్వామి సార్ తల్లి నన్ను దగ్గరికి పిలిచింది. "బిడ్డా, జర జల్ది వడ్డియ్యి. చూలాబంద్ అన్నవని పగటి సంది పొయ్యి ముట్టియ్యలే. నేను షుగర్ గోలి ఏసుకోవాలె."

పరువు సంగతి అటుంచండి. ఆ పెద్దావిడ ఖాళీ కడుపుతో నా వాకిట్లో కూర్చుందంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. చాచి వంటింట్లోకి పరుగెత్తాను.

"చాచీ, ముప్పై నాలుగు మంది ఒచ్చిండ్రు!"

"కూర ఏమొండినవ్ రా?"

"మిక్చర్ తెచ్చిన."

చాచి నన్ను ఒక్క క్షణం జాలిగా చూసింది. "ముందుగాల ఆ ముసలామెకు రెండు రొట్టెలు, పప్పు పెట్టు. గా పెద్ద గిన్నె దించు. ఉల్లిగడ్డలు కొయ్యి. ఇప్పుడే ఏడువకు, కోసెటప్పుడు ఎట్లనూ ఏడుస్తవు."

ఇంతలో బాలస్వామి సార్ వచ్చి సంగతంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన చొక్కా చేతులు మడిచి కత్తిపీట ముందు కూర్చున్నాడు. "గింతదానికి పరేషాన్ ఎందుకయ్యా? ముందుగాల చెప్తే టమాటలు తెచ్చెటోళ్లం గద!" ఆడవాళ్లు బియ్యం కడిగారు. గంటన్నరలో బగారన్నం, పప్పు తయారు. అంత రుచైన విందు నేను మళ్లీ తినలేదు.

అందరూ బయల్దేరారు. పెద్దావిడ ఆటో ఎక్కుతూ నా తల నిమిరింది. "దావత్ మంచిగైంది బిడ్డా." నా కళ్లు చెమ్మగిల్లాయి, అలవాటున్న నోరు దానంతటదే తెరుచుకుంది. "మల్ల రావాలె అవ్వా, అందర్ని తీస్కొని!"

అవ్వ ఆటో ఆపించింది. "ఎప్పుడు రావాలె, బిడ్డా?"

వెనక గరిటె పట్టుకుని నిలబడ్డ రజియా చాచి సాక్షిగా, ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను: ఇక మీదట ఎవరికి ఎంత మర్యాద చేయాలన్నా సరే, ముందు బియ్యం డబ్బా మూత తీసి చూశాకే నోరు తెరుస్తాను.