గంజి పెట్టిన బ్రష్షులు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మేకప్ నేర్చుకున్నాను. నేర్చుకోగానే చేసిన మొదటి తెలివితక్కువ పని ఇరవై నాలుగు బ్రష్షుల సెట్టు తెప్పించుకోవడం. వారం తిరక్కుండానే వాటి వెంట్రుకలు ఊడి నా చెంపలకే అంటుకున్నాయి. అందులో సగం ఎందుకు పనికొస్తాయో నాకిప్పటికీ తెలియదు. ఒళ్లు మండి ఆ సెట్టును అటక మీద పడేసి, నల్లగొండలో ఒక దుకాణానికి వెళ్లి ఆరంటే ఆరు ఏరుకున్నాను. ఫౌండేషన్‌కు బల్లపరుపుగా ఉండే నైలాన్‌ది, పౌడరుకు గుప్పెడు లావున మేక వెంట్రుకలది, బుగ్గల రంగుకు ఏటవాలుది, కనురెప్పలకు రెండు, పెదవులకు సన్నది. ఎవరైనా అడిగితే ఇప్పుడూ అదే చెప్తాను. మణికట్టు లోపలివైపు తిప్పి చూడండి, గుచ్చితే వద్దు. కుచ్చు పట్టి మెల్లగా లాగండి, వెంట్రుకలు చేతికొస్తే దుకాణదారు ఎంత పొగిడినా తిరిగి ఇచ్చేయండి.

అప్పటికే నాయిన పోయాడు. మగ్గం అమ్మేసి, ఊరు వదిలి, నేనూ అమ్మా నల్లగొండలో ఒక కిరాయి గదికి వచ్చాం. ఊళ్లో ఉన్నప్పుడు పొద్దున్నే పడుగు దారాలను వీధి పొడవునా పరిచి, పోగులు గట్టిపడేందుకు గంజి పట్టించేవాళ్లు. నాయిన ఒక పక్క, అమ్మ ఇంకో పక్క పట్టుకుని, పెద్ద కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వుకుంటూ నడిచేవాళ్లు. పోగుకు పోగు అంటకుండా గంజి పట్టించడంలో మా అమ్మ తర్వాతే ఎవరైనా. కిరాయి గదిలో ఆ చేతులకు పనేముంది? గ్లాసెడు బియ్యం వండితే అయిపోయేది.

ఒకరోజు నా మేకప్ స్పాంజిని ఒంటి సబ్బుతో రుద్ది పాడుచేసింది. నాది ముక్కు మీద కోపం. "నా సామాను ముట్టకు" అని అరిచాను. అమ్మ నాలుగు రోజులు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా తినలేదు. "నా చేతులు ఇగ దేనికి అక్కెరకు రావు తీ బిడ్డా" అంది. ఆ నాలుగు రోజులు నాకు నరకం. మళ్లీ ఆ మాట ఆమె నోట రానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

తర్వాత దేవరకొండ పక్క నుంచి నాకు మొదటి పెళ్లికూతురు దొరికింది. ముందురోజు బ్రష్షులు చిన్నపిల్లల షాంపూతో కడిగి, బల్ల మీద ఆరబెట్టి బజారుకు వెళ్లాను. తెల్లారి బయల్దేరుతుంటే అమ్మ సంచీ అందించింది. ముఖం వెలిగిపోతోంది.

"కుంచెలు సక్కగ జేసిపెట్టిన బిడ్డా. మెత్తగయి వంగిపోతుండె. గట్లుంటే పనెట్ల జేస్తవ్?"

ఆరబెట్టి సర్దిందనుకున్నాను. ఎన్నాళ్లకో నవ్వింది కదా అని సంతోషంగా బస్సెక్కాను.

పెళ్లివారింట్లో సంచీ విప్పాను. ఆరు బ్రష్షులూ ఒక్క వెంట్రుక చెదరకుండా నిలబడి ఉన్నాయి. పౌడరు బ్రష్షు అద్ది పిల్ల బుగ్గ మీద పెట్టగానే ఆమె ఉలిక్కిపడింది.

"అక్కా, గుచ్చుతాంది."

వాసన చూశాను. అన్నం గంజి. వడగట్టి, పలుచగా పట్టించి, దువ్వి, తలకిందులుగా వేలాడదీసి నీడన ఆరబెట్టింది మా అమ్మ. పనిలో వంక పెట్టడానికి లేదు. నీళ్లలో ముంచితే బంకయింది. తడి వెంట్రుకలకు పొడి ఎక్కదు. ఇంతలో పిల్ల మేనత్త వచ్చి తొంగిచూసింది.

"ముఖం మీద గా గీతలేంది? మేకప్ జేస్తున్నవా, గోడకు సున్నమేస్తున్నవా?"

బ్రష్షులు బాగాలేవని ఎట్లా చెప్పను? ఆడలేక మద్దెల ఓడు అంటారు. వేళ్లతో, దూదితో, వాళ్లింట్లోని పౌడరు డబ్బాలో ఉన్న కుచ్చుతో ఎట్లాగో పూర్తిచేశాను. ఆ పిల్ల అద్దంలో చూసుకుని తల దించుకుంది. ఆ తల దించుకోవడం నాకు నేటికీ కళ్ల ముందే ఉంది.

బస్సులో వస్తున్నంతసేపూ అమ్మను ఎన్ని మాటలు అనాలో కూడబెట్టుకున్నాను. తలుపు తీయగానే అడిగింది.

"కుంచెలు మంచిగ పనిజేసినయా?"

ఒళ్లో ఊరికే పడి ఉన్న ఆ చేతులు గుర్తొచ్చాయి. "మస్తు పనిజేసినయమ్మా" అన్నాను.

ఇంకేముంది, అది ఆమె కొలువైపోయింది. నేను కడిగి ఆరబెట్టడం, ఆమె గంజి పెట్టడం. పెళ్లికి ముందురోజు సాయంత్రం సంచీని చీర కొంగులో దాచుకుని మేడ మీదికెళ్లి, ట్యాంకు దగ్గర మళ్లీ గంజి కడిగేదాన్ని. వెంట్రుకల మొదట్లోని జిగురుకు తడి తగలకుండా, కుచ్చు కిందికి ఉండేలా వాలుగా పెట్టేదాన్ని. పదే పదే కడగడంతో మేక వెంట్రుకల బ్రష్షులు తొందరగా పోయేవి, కొత్తవి కొనేదాన్ని. చెప్తే ఆమె మళ్లీ చేతులు ముడుచుకుంటుంది, చెప్పకపోతే ఈ దొంగతనం తప్పదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఏళ్లు గడిచాయి. కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగిన రోజుల్లో కూడా గంజి ఆగలేదు.

మొన్న ఎండాకాలం ఒక పెళ్లికి ముందురోజు, ఎప్పటిలాగే మేడ మీద సంచీ విప్పాను. బ్రష్షులు మెత్తగా ఉన్నాయి. మణికట్టుకు రుద్దుకున్నాను, దూదే. అమ్మకు ఒంట్లో బాగాలేదేమోనని కిందికి పరుగెత్తాను.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి.

"అమ్మా, గంజి పెట్టలేదా?"

"మిరపకాయలు ఎండబోద్దమని పోయినసారి మీదికొచ్చిన. నువ్వు కడుగుతున్నవ్" అంది. నా ముఖంలోకి చూసింది. "మొదలు గా దేవరకొండ పిల్ల… ముఖం గీరుకపోయిందా బిడ్డా?"

లేదు అనడానికి నోరు తెరిచాను. ఇన్నేళ్లు సులువుగా ఆడిన అబద్ధం ఆ ఒక్కసారి రాలేదు. పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకున్నాను. "నువ్వే చెయ్యమ్మా, ఎట్లయినా పర్లేదు" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు బ్రష్షులు గదిలోనే ఆరబెడుతున్నాను, దాచాల్సిన పని లేదు. అన్నం వార్చాక అమ్మ గంజి గిన్నె కాసేపు పట్టుకుని నిలబడుతుంది. తర్వాత తీసుకెళ్లి మోరీలో పారబోస్తుంది.