తలుపులక్క తాడు లాగిన రోజు

కార్ల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ తలుపులక్క అనేవారు. లైను చివర నిలబడి, బిగించి వచ్చిన ప్రతి తలుపునూ తెరిచి మూసి, ఆ చప్పుడు వినడం ఆమె పని. సరిగ్గా కూర్చున్న తలుపు దిండు మీద చెయ్యి వేసినట్టు మెత్తగా మూసుకుంటుంది. కూర్చోనిది రేకు డబ్బాలా మోగుతుంది. మోగితే తల మీదుగా లైను పొడవునా వేలాడే పసుపు తాడు లాగాలి. లైను మొత్తం ఆగిపోతుంది, సూపర్‌వైజరు పరుగున వస్తాడు. పెళ్లికి ముందు చేరిన ఉద్యోగం. ఇంట్లో బీరువా మూసినా ఆమె చెవి అటే పెట్టేది.

ఆ ఏడాది కార్లు అమ్ముడుపోలేదు. తయారైనవి ఫ్యాక్టరీ వెనక మైదానంలో వరసలుగా నిలబడి దుమ్ము కొట్టుకుపోయాయి. ప్రభుత్వం డబ్బు పెట్టి కంపెనీని నిలబెట్టాలా, దాని మానాన దాన్ని వదిలెయ్యాలా అని టీవీలో రోజూ వాదించుకునేవారు. తలుపులక్క ఇంట్లో ఆ వాదన టీవీ కట్టేశాక కూడా నడిచేది.

ఆమె భర్త ఒకప్పుడు స్కూలు బ్యాగులు కుట్టే కొట్టు నడిపాడు. బజార్లోకి చవక బ్యాగులు వచ్చిపడ్డాక అది మూతపడింది. ఇప్పుడు వేరొకరి కొట్లో కుడుతున్నాడు.

"నా కొట్టు మూతపడ్డప్పుడు ఏ మంత్రి వచ్చాడే? షట్టరు దించడానిక్కూడా నువ్వూ నేనే కదా," అనేవాడు కంచం ముందు కూర్చుని.

"నీ కొట్లో నువ్వొక్కడివే. మా దగ్గర వేలమందిమి."

"అంటే మునిగితే పెద్ద పడవలో మునగాలన్నమాట. తెలియక చిన్నది ఎక్కాను."

"నా ఉద్యోగం పోతే నీకు సంతోషమా?"

"నీ ఉద్యోగం పోకూడదు. నా పన్ను డబ్బు మీ పెద్దోళ్ల జేబుల్లోకీ పోకూడదు."

"రెండూ ఎలా కుదురుతాయి?"

"నన్నడుగుతావేం? టీవీలో వాళ్లకే తెలీదు."

ప్రభుత్వం వేసిన కమిటీ ఫ్యాక్టరీ చూడడానికి వస్తుందని కబురొచ్చింది. డబ్బు వచ్చేదీ రానిదీ వాళ్లు రాసేదాన్ని బట్టే ఉంటుంది. ముందురోజు సూపర్‌వైజరు అందర్నీ పోగుచేశాడు. వయసులో తలుపులక్క కంటే చిన్నవాడు.

"రేపు లైను క్షణం కూడా ఆగకూడదు. ఏ లోపం ఉన్నా తర్వాత చూసుకుందాం. తాడు జోలికి ఎవరూ పోవద్దు. అక్కా, నీకే చెప్తున్నా."

"నాకేమన్నా చెవుడా తమ్ముడూ?"

"ఉంటే బాగుండేది. నీ చెవితోనే నా భయం."

మర్నాడు కమిటీ వాళ్లు తలకు పసుపు టోపీలు పెట్టుకుని లైను వెంట నడిచారు. అందరికంటే ముందున్న పెద్దావిడ టోపీ మాటిమాటికీ కళ్ల మీదికి జారుతోంది. వాళ్లు దగ్గరికొచ్చేసరికి తలుపులక్క వీపు నిటారు చేసుకుంది. కారు వచ్చింది. తలుపు మూసింది. డబ్బాలా మోగింది.

వద్దన్న మాట గుర్తుకొచ్చేసరికి తాడు ఆమె పిడికిట్లో ఉంది.

లైను ఆగింది. ఫ్యాన్ల చప్పుడు అప్పటిదాకా ఎవరూ వినలేదు. పరుగెత్తుకొచ్చిన సూపర్‌వైజరు కమిటీని చూసి, అడుగు తగ్గించి, ఏమీ కానట్టు నడక మొదలుపెట్టాడు.

"ఎందుకు ఆపారమ్మా?" అంది పెద్దావిడ.

"తలుపు అంచుకి రబ్బరు లేదమ్మా."

"ఎందుకు లేదు?"

పెద్దావిడ వెనక సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపుతున్నాడు. కారణం లైనులో అందరికీ తెలుసు. రబ్బరు చేసే చిన్న కంపెనీకి బాకీ తీర్చలేదు, వాళ్లు సరుకు ఆపేశారు. మిగిలింది కమిటీ వెళ్లేదాకా సరిపోతుందనుకున్నారు. సరిపోలేదు.

"చేసేవాళ్లకి డబ్బు కట్టలేదు. వాళ్లు పంపడం మానేశారు."

"లోపం కనిపిస్తే ఎప్పుడూ ఇలాగే ఆపుతారా?"

"ఆపుతామమ్మా. ఇవాళే ఆపొద్దన్నారు."

కమిటీలో ఎవరో నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. టోపీ సర్దుకుని ముందుకు కదిలింది.

ఆ రోజు నుంచి కాంటీన్లో తలుపులక్క బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. "లైను ఆపింది చాల్లేదు, ఫ్యాక్టరీకే తాడు లాగింది," అని వెనక బల్ల మీంచి ఆమెకు వినపడేలాగే అన్నారు. ఇంట్లో భర్తకు చెప్పి, అతనూ ఏదో ఒక వెటకారం ఆడతాడని చూసింది. అతను సూదిలో దారం ఎక్కించడం ఆపలేదు.

"డబ్బు రాకపోతే నీవల్లే అంటారు. వస్తే నీవల్ల వచ్చిందని ఒక్కడూ అనడు. చూస్తూండు."

డబ్బు వచ్చింది. ఊరికే కాదు, అప్పుగా, షరతులతో. ముందు సరుకు ఇచ్చేవాళ్ల బాకీలు తీర్చాలి. రెండు లైన్లలో ఒకటి మూసెయ్యాలి. తలుపులక్క లైను మిగిలింది. సూపర్‌వైజర్లు ఇద్దరిలో ఒకరే చాలన్నారు. మూసేసిన లైనులోని పాతవాణ్ని ఉంచి, ఈమె లైను సూపర్‌వైజరుని పొమ్మన్నారు.

ఆఖరి రోజున అతను టోపీ, మంచినీళ్ల సీసా సంచిలో వేసుకుని ఆమె దగ్గరికొచ్చాడు.

"ఒకటడగనా అక్కా? ఆ తాడు నువ్వు లాగకపోతే నా ఉద్యోగం ఉండేదంటావా?"

ఆ ప్రశ్న ఆమె తనకు తాను వేసుకుని వేసుకుని అలిసిపోయి ఉంది.

"తెలీదు తమ్ముడూ."

"నాకూ తెలీదు. అదే బాధ. తెలిస్తే నిన్ను తిట్టుకునైనా నిద్రపోయేవాణ్ని."

"తిట్టుకో, పర్లేదు."

అతను నవ్వబోయి మానుకున్నాడు. ఎదురుగా ఆగి ఉన్న కారు తలుపు తెరిచి మూశాడు. కొత్త రబ్బరు. మెత్తగా మూసుకుంది.

సాయంత్రం ఆమె ఇదంతా చెబుతుంటే భర్త తింటూ విన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి అడిగాడు.

"మీవాడికి సరుకు లెక్కలు వచ్చా?"

"వచ్చు. ఎందుకు?"

"మా ఓనరు స్టాకు చూసుకునే మనిషి కోసం వెతుకుతున్నాడు. మీ దాంట్లో సగం జీతం కూడా ఉండదు. రమ్మను, అడిగి చూస్తా."

"మా వాళ్లని ఆదుకోకూడదన్నావుగా?"

"ఇప్పటికీ అదే అంటాను. ఇది నా పన్ను డబ్బు కాదు, మా ఓనరుది."

ఆమె ఫోను తీసి సూపర్‌వైజరుకి కలిపింది. అటు మోగుతున్నంతసేపూ భర్త టీవీ గొంతు తగ్గించి, ఇటు చూడనట్టే కూర్చున్నాడు.