నీలవ్వ ఇంట్లో ఎద్దు

1961 వానాకాలం. అమ్రాబాద్ దగ్గర పశువుల దవాఖానలో డాక్టరుగా ఉండేవాణ్ణి. ఆ ఏడు ఈగలు విపరీతం. వాటితోపాటే ‘పింక్ ఐ’ ఊరూరా తిరిగింది. పశువు కన్ను ఎర్రబడి, నీరు కారి, నల్లగుడ్డు మీద పుండు పడే అంటురోగమది. ముదిరితే కంట్లో పువ్వు పూస్తుంది, చూపు పోతుంది.

ఒకనాడు నీలవ్వ అనే ముసలామె తన ఎద్దును తోలుకొచ్చింది. ఎడమ కన్ను మూసుకుపోయింది. రెప్ప తెరిస్తే లోపల నమిలిన పొగాకు, ఉప్పు. అక్కడ అదో వైద్యం. నోట్లో నమిలి కంట్లో ఉమ్ముతారు. నాకు ఒళ్లు మండింది.

“నీ కంట్ల ఎవరన్న గిట్ల ఉమ్మితే ఊకుంటవా అవ్వా?”

“పెద్దలు జెప్పిన్రు సారూ, చేసిన. రేపు కణతకు వాత పెడ్తమంటున్రు. కన్ను పోతే గిది అరకకు పనికిరాదు, కటికోనికి తోలుడే. ఇంకో ఎద్దును తెచ్చే తాకత్ నాకేడిది?”

బోరిక్ లోషన్‌తో, అంటే కళ్లు కడిగే మందునీళ్లతో, కన్ను శుభ్రం చేశాను. పెన్సిలిన్ ఆయింట్‌మెంట్ రాసి, ట్యూబు ఆమె చేతికిచ్చాను.

“రోజూ గిది రాయి. వాత వద్దు, ఉమ్ముడు వద్దు. ఎండ, ఈగలు, పొగ తగలకుండ చీకట్ల కట్టెయ్.”

తలూపి వెళ్లింది. చేస్తుందని నాకేం నమ్మకం లేదు. మా మాటలు గోడకు చెప్పినట్టేనని విసుక్కునే రోజులవి.

వారం తర్వాత ఆ ఊరికి టీకాలు వేయడానికి వెళ్లి, ఆమె ఇల్లు వెతికాను. తుంపర పడుతోంది. నీలవ్వ గొంగడి కప్పుకొని, వాకిట్లో తడికట్టెల పొయ్యి ఊదుతోంది.

“వానల బయట వండుతున్నవేంది అవ్వా?”

“పొగ తగలొద్దంటివి గద సారూ. నాకు చీకటి జాగా అంటే గీ ఒక్క అర్రే. దాన్ని లోపల కట్టేసిన. నేను పక్కింటోళ్ల అరుగు మీద పంటున్న.”

ఆ ఒంటిగది ఇంట్లో ఎద్దు తాపీగా గడ్డి నములుతోంది. కణతకు వాత లేదు. పుండు మానింది, చిన్న మచ్చ మాత్రం మిగిలింది. కంటి ముందు వేలు కదిపితే రెప్ప వాల్చింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

“వాత పెట్టకుంటే పెద్దలు ఊకున్నరా?”

“తిట్టిన్రు. తిట్లకు పుండ్లు పడ్తయా సారూ?”

నవ్వుతూ నాకు దండం పెట్టబోయింది. నేనే ఆమె చేతులు పట్టుకున్నాను. నేను ఇచ్చింది మందు ఒక్కటే, ఆమె ఇల్లే ఇచ్చేసింది. ఆ తర్వాత ఎవరికి ‘చీకట్లో కట్టేయండి’ అని చెప్పాల్సి వచ్చినా, ముందు ‘మీకెన్ని అర్రలున్నయి?’ అని అడిగేవాణ్ణి. అది నేర్పిన నీలవ్వకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. ఆరోజు ఆమె కళ్లే పొగకు ఎర్రబడి, నీళ్లు కారుతున్నాయి.