రెండో కప్పు

అమ్మ చనిపోయిన పదకొండో రోజున వచ్చినవాళ్ళందరూ మా మరదలితో ఒకటే మాట అన్నారు. "కూతురికన్నా ఎక్కువ సూసుకున్నావమ్మా." నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ కూతుర్ని నేనే. ఎవరికీ నన్ను నొప్పించాలని లేదు. కొందరు ఆ మాట అంటూనే నా చెయ్యి కూడా పట్టుకున్నారు. వాళ్ళన్నది నిజం కూడా. అమ్మ విజయనగరంలో తమ్ముడింట్లో ఉండేది. వండిపెట్టింది మరదలు, ఆస్పత్రికి తీసుకెళ్ళింది మరదలు, చివరి నెలల్లో పక్క మార్చింది మరదలు. నేను శ్రీకాకుళం నుంచి ఆదివారాలు వచ్చి, మధ్యాహ్నం రైలుకి తిరిగి ఆమదాలవలస చేరి, అక్కణ్ణించి ఆటోలో ఇంటికి పోయేదాన్ని.

ఏడాదిగా ఆ మాట నాకు పడటం లేదు. మరదలితో ఏమీ లేదు, ఆ మాటతోనే నా పేచీ అని చెప్పుకుంటూ వచ్చాను. సరిగా చెప్పాలంటే పేచీ ఇద్దరితోనూ ఉంది.

అమ్మకు సంబంధించి నాకంటూ ఒకటుందని అనుకునేదాన్ని. అది చిన్న విషయం. ఎక్కడైనా విందులో గానీ హోటల్లో గానీ భోజనం తర్వాత ఐస్‌క్రీమ్ ఇస్తే, అమ్మ తన కప్పు నా ముందుకి తోసేసేది. "నాకు పళ్ళు జివ్వుమంతాయి. నువ్వు తిను." చిన్నప్పటి నుంచీ అంతే. నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టి, జుట్టు నెరిసినా కూడా అంతే. పక్కన నా పిల్లలు చూస్తుంటే వాళ్ళకివ్వకుండా నాకే ఇచ్చేది. తమ్ముడికి ఎప్పుడూ ఇవ్వలేదు. వాడికి జలుబు చేస్తుందనేది. ఆ రెండో కప్పు నాది. లెక్క వేసుకుంటే అమ్మ నాకొక్కదానికే చేసిన పని అదొక్కటే. పోయాక అదే పట్టుకుని ఉన్నాను.

సంవత్సరీకం అయ్యాక తమ్ముడూ మరదలూ గయ వెళ్ళి పిండం పెట్టి వచ్చారు. నన్ను రమ్మనలేదు. ఆడపిల్లని రమ్మనే ఆనవాయితీ మాలో లేదు, నేనూ అడగలేదు. గయలో పిండం పెట్టినవాళ్ళు తమకి ఇష్టమైన తిండి ఏదో ఒకటి పోయినవాళ్ళ పేరున వదిలేసి వస్తారు. మళ్ళీ ఈ జన్మలో దాన్ని ముట్టరు. వాళ్ళు అక్కడున్న రోజుల్లో, నేనే వెళ్ళి ఉంటే ఏం వదిలేదాన్ని అని ఇంట్లో కూర్చుని ఆలోచించాను. పనసపండు, చేగోడీలు, కాఫీ. ఇవన్నీ నాకిష్టమే. వాటిలో దేనికీ అమ్మతో సంబంధం లేదు. అమ్మకేం ఇష్టమో ఆలోచిస్తే ఒక్కటీ తోచలేదు. మాకు ఏం వండిందో గుర్తుంది. తను ఏం ఇష్టంగా తిన్నదో గుర్తు లేదు.

తిరిగొచ్చి సమారాధన అదీ ముగిశాక, ఒక ఆదివారం తమ్ముడు మమ్మల్ని హోటలుకి తీసుకెళ్ళాడు. ఇన్నాళ్ళూ వంటింట్లోనే ఉన్న తన భార్యకి ఒక పూట సెలవు ఇద్దామని వాడి ఉద్దేశం. కోటకి దగ్గర్లో ఉందది. ముందు గదిలో ఐస్‌క్రీమ్ అమ్ముతారు, లోపల భోజనాలు. లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా ఐస్‌క్రీమ్ గదిలోంచే దారి. అందుకే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళు ఎవరూ తప్పించుకోలేరు. స్పెషల్ భోజనం తీసుకుంటే ఒక కప్పు వాళ్ళే ఇస్తారు.

మరదలు ఎటూ చూడకుండా మూలనున్న బల్ల దగ్గరికి నడిచి, గోడవైపు కుర్చీ నాకు చూపించింది. "ఇక్కడ కూకో వదినా. ఎండ కంట్లో పడదు."

నాకు ఎండతో ఇబ్బంది ఏమీ లేదు. అయినా కూర్చున్నాను. వడ్డించే అతను ఆమెని చూసి పలకరింపుగా నవ్వాడు. నన్ను చూసి ఆకు పరిచాడు.

పప్పు, ఆవపెట్టిన అరటికాయ, సాంబారు అన్నీ వచ్చాయి. తింటూ తమ్ముణ్ణి అడిగాను. "గయలో ఏటి వదిలీసేవురా?"

"కాకరకాయ."

"కాకరకాయ నువ్వెప్పుడు తిన్నావు గనక?"

"తినకపోతే ఏటప్పా? వదిలీసేనా నేదా?" తమ్ముడు నన్ను అక్కా అనడు, అప్పా అంటాడు.

మరదలు నవ్వు ఆపుకోలేకపోయింది. "పంతులుగారికీ అనుమానం వొచ్చింది వదినా. ఇష్టమైందే సెప్పు బాబూ అని ఆయన. ప్రాణమండీ, కాకరకాయంటే నాకు ప్రాణమండీ అని ఈ మహానుభావుడు. తండ్రికీ తల్లికీ పిండం పెట్టి, ఆ సేత్తోనే అబద్దం ఆడీసేరు."

"ఒసే, నువ్వుండే. మొన్న మీ అన్నయ్య గుమ్మడికాయ వదల్నేదా? అది కనిపిస్తే లేసి ఎల్లిపోతాడు."

"మా అన్నయ్య గొడవెందుకు ఇప్పుడు?"

నేనూ నవ్వాను. అమ్మ పోయాక ముగ్గురం కలిసి నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. మరదలు ఏం వదిలిందో మాత్రం అడగలేదు. ఆమె ఏదో పెద్దదే వదిలి ఉంటుందని, అది వింటే నాకు బాగుండదని తెలుసు.

పెరుగన్నం అయ్యాక మూడు గాజు కప్పులు తెచ్చి పెట్టారు. తమ్ముడు వెంటనే చెంచా తీసుకున్నాడు. మరదలు తన కప్పుని రెండు వేళ్ళతో నా ముందుకి తోసింది.

"నువ్వు తిను వదినా."

తోసిన తీరు కూడా అమ్మదే. "ఏం, నీకూ పళ్ళు నొప్పా?" అన్నాను. కొంచెం పుల్లవిరుపుగానే వచ్చి ఉంటుంది.

"లేదు. నేను వదిలీసేను కదా, గయలో."

"ఐస్‌క్రీమా? అంత ఇష్టమా నీకు?"

"నాకు కాదు. అంటే నాకూ ఇష్టమే అనుకో. అత్తకి మహా ఇష్టం కదా. ఆవిడ లేకుండా తినబుద్ది కాలేదు. అందుకే అదే వదిలీసేను."

అత్తకి మహా ఇష్టం కదా. నాకు కోపం తెప్పించింది ఆ చివరి "కదా". నాకు తెలిసే ఉంటుందన్నట్టు అనేసింది.

"అమ్మ ఐస్‌క్రీమ్ తినదు," అన్నాను. "పళ్ళు జివ్వుమంటాయి."

"అవును, జివ్వుమంతాయి. అందుకే కరిగీదాకా ఉంచీది."

తర్వాత వివరంగా చెప్పింది. అమ్మకి కంట్లో ప్రెషర్ ఉందని మూడేసి నెలలకి ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు. వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, వెలుతురు చూడలేరు. ఆ ఎండలో ఆటో ఎక్కించలేక మరదలు ఆమెని ఈ హోటలుకి తీసుకొచ్చేది. ఈ మూలకే. నేను కూర్చున్న ఈ కుర్చీలోనే. భోజనం చేసి, ఐస్‌క్రీమ్ ముందు పెట్టుకుని, చూపు వచ్చేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు. ఈలోపు అది కరిగేది. అప్పుడు అమ్మ కప్పు రెండు చేతులతో ఎత్తి తాగేసేది. గోడ మీద ఐస్‌క్రీముల పేర్లు కనిపించాక, ఇంక ఇంటికి పోదాం పదమనేది.

"ఏ కబుర్లు?" అని అడిగాను.

"ఏటుంటాయి? సిన్నప్పుడు భావనపాడులో సముద్రానికి బయపడి పరిగెత్తీసిందంట, అదీ ఇదీ. మీకందరికీ తెలిసినవేలే."

నాకు తెలియదు. అమ్మ భావనపాడు వెళ్ళిందనే తెలియదు.

ఇష్టమైనదాన్నే ఇన్నేళ్ళూ నాకిచ్చింది కదా అని సర్దిచెప్పుకోవచ్చు. ఈ సంగతి విన్నవాళ్ళు నాకు అలాగే సర్దిచెప్పారు. నాకు అది సరిపోలేదు. నాకు ఇచ్చింది నిజమే. కానీ నా ఎదుట తినలేదు. నా ఎదుట ఆమె ఎప్పుడూ అమ్మే. చేతిలో ఏముంటే అది నాకు పెట్టేసి, నేను తింటుంటే చూసేది. చూపు ఆనని ఆ మధ్యాహ్నాల్లో, పెట్టాల్సిన పిల్ల ఎవరూ పక్కన లేనప్పుడు, ఆమె కుర్చీలో వెనక్కి వాలి తనకి కావలసింది తాను తాగింది. అలాంటి అమ్మని మరదలు చూసింది. ఆమె చేసిన చాకిరీ మీద నాకు అసూయ లేదు. పక్క మార్చడం నేను చెయ్యనందుకు జనం ఏమన్నా పడతాను. అమ్మ ఆ గాజు కప్పు రెండు చేతులతో ఎత్తడం చూసినందుకు ఆమె మీద నాకు కలిగింది అసూయే. ఇంకో పేరు పెట్టను.

"అయితే నేనూ వదిలేస్తాను," అన్నాను. "ఇదే. ఇవాళ్టి నుంచి."

మరదలు నా వైపు తిన్నగా చూసింది. మెత్తగా ఉండే మనిషి, ఆ క్షణాన మెత్తగా లేదు. "ఎందుకొదినా? వదిలీడానికి నేనున్నాను కదా. నువ్వు తిను. ఇద్దరం వదిలీస్తే ఇంక తినీవోళ్ళేరి?"

తమ్ముడు అప్పటికే తన కప్పు ఖాళీ చేసి వాచీ చూస్తున్నాడు. "అప్పా, గబగబా తినీ. ట్రైన్ టైమైపోతంది."

చెంచా పక్కన పెట్టాను.

"తినవేటి?"

"కరగనీ."

"కరిగీదాకా ఉంటే ట్రైన్ ఎల్లిపోతాది."

"ఎల్లిపోనీరా. బస్సులున్నాయి."

వాడు మరదలి వైపు చూశాడు. వాడు ఫోను తీసుకుని ముందు గదిలోకి వెళ్ళాడు. మేమిద్దరం కూర్చున్నాం. ముద్ద అంచులు ముందు మెత్తబడ్డాయి, తర్వాత కుంగి, కప్పు అడుగున పసుప్పచ్చటి పాలలాగ అయింది. నా కప్పు కూడా కరిగిపోయి ఉండాలి, నేను గమనించలేదు. మరదలు తోసిన రెండో కప్పునే చూస్తున్నాను.

దాన్ని రెండు చేతులతో ఎత్తి తాగాను. మరీ తియ్యగా ఉంది. చల్లదనం కొంచెమే మిగిలింది. అమ్మకి ఇందులో ఏం నచ్చిందో నాకు తెలియలేదు. చివరిదాకా తాగాను.

కప్పు దించేసరికి మరదలు నవ్వుతోంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"మూతి తుడుసుకో వదినా. అత్తకీ ఇలాగే మీసం వొచ్చీది."

ఆ మాటకి కూడా నాకు కుళ్ళుగానే ఉంది. అయినా మూతి వెంటనే తుడుచుకోలేదు.